గోల్‌లో ఒక్కడికే చోటు

మా కంపెనీ ఫుట్‌బాల్ టీమ్‌కు కొత్త కోచ్ వచ్చినప్పుడు నేను తప్ప అందరూ సంతోషించారు. కొత్తగా వచ్చిన ఏ మనిషినైనా నేను మొదట అనుమానంగానే చూస్తాను. ఇది నా స్వభావం, దాచుకోను. ఊళ్లో ఉన్నప్పుడు మరీ ఇంత లేదు. ఏసీ గదిలో స్టోర్ హెల్పర్ పని అని చెప్పి ఏజెంట్ నన్ను ఖతర్ పంపాడు. తీరా వచ్చాక చేతిలో ఇనుప చువ్వలు పెట్టారు. అప్పటినుంచి ఎవరైనా నవ్వుతూ భుజం మీద చెయ్యి వేస్తే, ముందు ఆ చేతి వంక చూస్తాను, తర్వాతే మొహం వంక.

అప్పటికి వరల్డ్ కప్‌కు ఇంకా కొన్నేళ్లుంది. దోహా నడిబొడ్డున ముషైరిబ్‌లో పాత బిల్డింగులు కూలగొట్టి కింద మెట్రో తవ్వుతున్నారు. ఎటు చూసినా క్రేన్లే. మా కంపెనీకి ఒక స్టేడియంలో కాంక్రీట్ పని దొరికింది. నేను స్టీల్ ఫిక్సర్‌ని. జనం కూర్చునే గ్యాలరీల కోసం చువ్వలు పేర్చి, తీగతో ముళ్లు వేసి బిగించడం నా పని. నేను కట్టిన మర్నాడో ఆ తర్వాతో వాటి మీద కాంక్రీట్ పోసేసేవాళ్లు. ఆ తర్వాత నేను చేసింది ఎవరికీ కనిపించదు, నాక్కూడా. మా ఊరివాళ్లకు గల్ఫ్ అంతా దుబాయే కాబట్టి, ఫోన్‌లో మా ఆవిడ, "దుబాయ్‌ల ఏం కట్టినవో ఒక ఫోటో పెట్టరాదు" అని అడిగేది. ఏం పెట్టాలి? గోడ ఫోటో పెడితే గోడే కనిపిస్తుంది, లోపలున్న నా పని కనిపించదు.

పని ఒక కొలిక్కి వచ్చాక స్టేడియం మధ్యలో గడ్డి పరిచారు. పరిచిన రోజే చుట్టూ టేపు కట్టి కాపలా పెట్టారు. దాని మీద కాలు పెట్టినవాణ్ణి మర్నాడే విమానం ఎక్కిస్తామని ఫోర్‌మన్ హిందీలో, ఇంగ్లిష్‌లో, మలయాళంలో చెప్పాడు. అన్నేళ్లు దుమ్ములో పని చేసిన చోటు అంత పచ్చగా ఉంటుందని నేను అనుకోలేదు. ఒక్కసారి ఆ గడ్డి మధ్యలో నిలబడి, నేను కట్టిన గ్యాలరీల వైపు కిందనుంచి తలెత్తి చూడాలని కోరిక పుట్టింది. అది రోజురోజుకూ పిచ్చిలా ముదిరింది.

దానికి ఒకే ఒక్క దారి ఉంది. స్టేడియం కట్టిన కంపెనీల మధ్య పనివాళ్లకు ఫుట్‌బాల్ పోటీ పెట్టారు. ఫైనల్ ఆ గడ్డి మీదే అన్నారు. ఫైనల్‌లో ఆడేవాళ్లు గడ్డి మీద అడుగు పెట్టొచ్చు. రిజర్వు ఆటగాళ్లు మాత్రం గీత బయట, రబ్బరు పరుపు వేసిన చోట కుర్చీల్లో కూర్చోవాలి.

మా టీమ్‌లో నేను గోల్‌కీపర్‌ని. గోల్‌కీపర్‌ని అన్నానంటే ఫుట్‌బాల్ వచ్చని కాదు. మా ఊళ్లో నేను వాలీబాల్‌లో లిఫ్టర్‌ని. వచ్చిన బంతిని వేళ్ల కొసలతో మెత్తగా పైకి లేపి, షూటర్ కొట్టడానికి వీలుగా అందించేవాడే లిఫ్టర్. క్యాంప్ ఇసుకలో నేను వాలీబాల్ ఆడుతుంటే చూసి, అప్పట్లో టీమ్‌ను నడిపే మలయాళీ స్టోర్ కీపర్, చేతులు బాగున్నాయని నన్ను గోల్‌లో నిలబెట్టాడు. కాళ్లతో ఆడే తెలివి నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

రెండో గోల్‌కీపర్ మా బస్సు డ్రైవర్. కోనసీమ మనిషి, నాకన్నా పెద్దవాడు, గల్ఫ్‌లో ఎప్పటినుంచో ఉన్నాడు, అరబ్బీ ధారాళంగా మాట్లాడతాడు. మా గదిలోనే ఉండేవాడు. ఆయన ఊళ్లో క్రికెట్ టీమ్‌కు వికెట్ కీపర్. అందుకే ఫుట్‌బాల్ గోల్‌లో కూడా మోకాళ్లు వంచి, పిరుదులు వెనక్కి పెట్టి కూర్చునేవాడు. నేలబారుగా వచ్చిన బంతి ఆయన చేతుల్లోంచి పోయేది కాదు. పక్కకు దూకమంటే మాత్రం దూకడు. నేను ఆయన్ని అన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను తమ్ముడూ అనేవాడు. మలయాళీ ఉన్నన్నాళ్లూ మొదటి సగం ఒకరం, రెండో సగం ఒకరం ఆడేవాళ్లం. గదిలో నలుగురం తెలుగువాళ్లం ఒకే మెస్. వంతులేసుకుని వండుకునేవాళ్లం. ఆయన వంతు రోజు చేపల పులుసు, నా వంతు రోజు పచ్చిపులుసు.

కొత్త కోచ్ మిస్రీ, అంటే ఈజిప్టువాడు. సైట్‌లో సేఫ్టీ ఆఫీసర్. వయసులో ఉన్నప్పుడు తన దేశంలో పెద్ద క్లబ్‌కే ఆడాడట. వచ్చిన మొదటి శుక్రవారం ఉదయమే మా ఇద్దరినీ పక్కకు పిలిచి ఒక వేలు చూపించాడు. "గోల్‌కీపర్ వాహిద్," అన్నాడు. వాహిద్ అంటే ఒకటి. సగం సగం ఆట మాఫీ అన్నాడు, అంటే ఇక లేదని. ఫైనల్ దాకా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తాడట, ఫైనల్‌కు మాత్రం ఒక్కడే. ఆ మాటను నాకు తెలుగులోకి మార్చి చెప్పింది ఎవరనుకున్నారు? మా డ్రైవరే. కోచ్ ఇంకేమన్నాడో, ఈయన ఏం మింగేశాడో అని నాకు ఆ క్షణమే అనిపించింది.

కోచ్ దగ్గర ఒక పద్ధతి ఉంది. సేఫ్టీ ఆఫీసర్ కదా, సైట్‌లో వేసుకునే సేఫ్టీ జాకెట్లనే ప్రాక్టీస్‌కు తెచ్చేవాడు. ఆరెంజ్ జాకెట్లు మొదటి టీమ్‌కు, పసుపువి రెండో టీమ్‌కు. ఎవరికి ఏది ఎందుకో చెప్పడు. కుప్పలోంచి తీసి మన మీదికి విసిరేస్తాడు, అంతే. నాకు ఆరెంజ్ వచ్చిన రోజు డ్యూటీలో ఎండ కూడా తెలిసేది కాదు. పసుపు వచ్చిందంటే నాకు అన్నం సయించేది కాదు. జాకెట్ విసిరే ముందు కోచ్ ఎవరి వైపు చూశాడు, డ్రైవర్ ఎందుకు నవ్వాడు అని వెతుక్కుంటూ పడుకునేవాణ్ణి.

అనుమానానికి మేత కూడా బాగానే దొరికింది. కోచ్ అల్ హిలాల్ అనే పేటలో ఒక ఫ్లాట్‌లో ఉండేవాడు. ప్రాక్టీస్ అయ్యాక మమ్మల్ని క్యాంప్‌లో దింపి, అదే బస్సులో ఆయన్ని ఇంటి దగ్గర వదిలేవాడు డ్రైవర్. అంత పెద్ద బస్సులో ఇద్దరే. అల్ హిలాల్ దాకా ఏం మాట్లాడుకుంటారు? వాతావరణం గురించా? ఇంకో సంగతి. డ్రైవర్ తన వంతు రోజున వండిన కూర ఒక స్టీలు డబ్బాలో సర్ది సీటు కింద పెట్టుకునేవాడు. తిరిగొచ్చేసరికి డబ్బా ఖాళీ. అల్ హిలాల్‌లోనే ఏదో విల్లాలో వంటపని చేసే మరదలికి ఇస్తున్నానన్నాడు. ఆ మరదలిని మాలో ఎవరమూ చూడలేదు. పైగా ప్రాక్టీస్ ఉన్న రోజే తన వంతు పడితే పులుసు మానేసి పప్పు వండి, అందులో చేతికి ఎముక లేనట్టు నెయ్యి పోసేవాడు. తిన్నాక నాకు వంగడం కష్టమయ్యేది. ఆయనా అదే పప్పు తిన్నాడు కదా అని మీరనొచ్చు. ఆ మాట అప్పుడు నాకు తట్టలేదు.

ఎత్తు బంతుల రోజు వచ్చేసరికి నేను ఆ స్థితిలో ఉన్నాను. ఆరోజు కోచ్ ముందు వరుసలో ఆడే ఘనా కుర్రాళ్లను దగ్గరికి పిలిచి, చేతులు పైకీ కిందికీ ఊపుతూ ఏదో చెప్పాడు. ఇక చూడండి, నా మీదికి వచ్చిన ప్రతి బంతీ ఆకాశం నుంచే. ఫుట్‌బాల్ గోల్‌కీపర్ అలాంటి బంతిని రెండు చేతులతో పట్టుకుని గుండెకు హత్తుకోవాలి, లేదంటే గుప్పిటతో దూరంగా కొట్టాలి. నాకు చిన్నప్పటినుంచి ఒంటబట్టింది వేరు. నుదుటి ఎదురుగా చేతులు వాటంతటవే లేచాయి, వేళ్లు విచ్చుకున్నాయి, బంతిని మెత్తగా, చప్పుడు లేకుండా పైకి లేపాను. ఊళ్లో అయితే చప్పట్లు పడేంత మంచి లిఫ్ట్. అది సరిగ్గా ఎదుటి కుర్రాడి తల దగ్గరికి దిగింది, వాడు హాయిగా గోల్‌లోకి కొట్టాడు. మళ్లీ వచ్చింది, మళ్లీ లేపాను. మూడోసారి చేతులు కట్టేసుకోవాలనిపించింది. టీమంతా కడుపు పట్టుకుని నవ్వింది. కోచ్ నవ్వలేదు. డ్రైవర్ వైపు చూసి తలాడించాడు.

ఆ తలాడింపు నన్ను కాల్చేసింది. నేను లిఫ్టర్‌నని కోచ్‌కు ఎవరు చెప్పారు? ఎత్తు బంతి వస్తే నా చేతులు ఏం చేస్తాయో తెలిసిన మనిషి, అరబ్బీ తెలిసిన మనిషి, నేను పడిపోతే లాభపడే మనిషి, ముగ్గురూ ఒక్కరే. గదికి వచ్చేసరికి ఆయన కింద కూర్చుని ఉల్లిపాయలు కోస్తున్నాడు.

"నువ్వే చెప్పినవ్ కోచ్‌కు," అన్నాను.

"ఏం చెప్పాను?"

"నేను లిఫ్టర్‌నని. ఎత్తు బంతులు పట్టరాదని."

ఆయన కత్తి కింద పెట్టాడు. "అదేంటి తమ్ముడూ, నేనెందుకు చెప్తాను? ఆయన బస్సెక్కితే ఇంటి గొడవలు చెప్తాడు. కూతురు పెళ్లి కుదరట్లేదంట. నేను ఊఁ కొడతాను."

"నాకు అరబ్బీ రాదని ఏమన్నా చెప్పుకో."

"రాకపోతే నేర్చుకో. నన్నంటావేంటి?"

ఆ సాయంత్రమే మెస్ వేరు చేసుకున్నాను. మిగతా ఇద్దరూ నచ్చజెప్పారు, వినలేదు. ఒక్కడికోసం అన్నం వండుకుంటే ఎప్పుడూ ఎక్కువే మిగిలేది. ఆయనతో మాట మానేశాను. బస్సెక్కేటప్పుడు కూడా వెనక తలుపు నుంచే ఎక్కేవాణ్ణి. ఏషియన్ టౌన్‌కు వెళ్లి కొత్త గ్లోవ్స్ కొన్నాను. రోజూ డ్యూటీ అయ్యాక మా ముందు డిఫెన్స్‌లో ఆడే నేపాలీని బతిమాలి, గోడ దగ్గర ఎత్తు బంతులు వేయించుకున్నాను. బంతి వస్తున్నప్పుడు "పట్టుకో, పట్టుకో" అని పైకే అనుకునేవాణ్ణి. పదింట్లో కొన్ని గుండెకు చేరేవి. మిగతావి వేళ్లు తమ ఇష్టం వచ్చినట్టు లేపేసేవి.

ఫైనల్‌కు ముందు మ్యాచ్‌ల్లో కోచ్ ఒకటి నాకు, ఒకటి ఆయనకు ఇచ్చాడు. ఇద్దరం గెలిచాం. ఫైనల్ ఉన్న వారం, ఆఖరి ప్రాక్టీస్‌లో ఆరెంజ్ జాకెట్ ఆయన మీదికి విసిరి, నా వైపు చూసి, "ఇంతా రిజర్వ్," అన్నాడు. నువ్వు రిజర్వు అని. నాకు ఏడుపొచ్చింది. కోపం అంతకన్నా ఎక్కువ వచ్చింది. ఆ పూట గదిలో డ్రైవర్ మిగతావాళ్లతో అంటుంటే విన్నాను, "ఇన్నేళ్లు మిమ్మల్ని గేటు దాకా దింపి రావడమే కదండీ. లోపల ఎలా ఉంటుందో నేను చూడనే లేదు." నేను గోడవైపు తిరిగి పడుకుని, బాగా నటిస్తున్నాడు అనుకున్నాను.

రిజర్వు అయినా స్టేడియంలోకి పాస్ ఉంది. గడ్డి మీద నిలబడలేకపోయినా అంచుదాకా వెళ్లొచ్చు, ఎవడికైనా దెబ్బ తగిలితే చెప్పలేం. ఫైనల్ ముందురోజు గదిలో ఉండే నిజామాబాద్ అతను ఒక మాట మోసుకొచ్చాడు. "రేపు మన బస్సులనే ఆఫీసర్లు గూడ వస్తున్నరంట. జాగ సరిపోదంట, కొందర్ని ఇడిచిపెట్టి పోతరంట."

ఎవరిని విడిచిపెడతారో నాకు వేరే చెప్పాలా? బస్సు ఎవరిది? తాళం ఎవరి చేతిలో ఉంది? ఉదయం లెక్క సరిపోయిందని చెప్పి నా మొహం మీదే తలుపు వేసేస్తాడని రూఢి చేసుకున్నాను. నేను లేకపోతే ఫైనల్‌లో తనను తీసి ఇంకొకణ్ణి గోల్‌లో నిలబెట్టే వీలే ఉండదు. వెంటనే క్యాంప్ ఆఫీసుకు వెళ్లాను. ట్రాన్స్‌పోర్ట్ చూసే పఠాన్ చాయ్ తాగుతూ కూర్చున్నాడు.

"రేపటి స్టేడియం బస్సులో నాకు సీటు ఉందా భాయ్?" అని హిందీలో అడిగాను.

"టీమ్ వాళ్లందరికీ ఉంది. ఆఫీసర్లు వాళ్ల కార్లలో వస్తారు." అని, ఏదో గుర్తొచ్చినట్టు కప్పు పక్కన పెట్టాడు. "ఆ బస్సు ఎవడు నడుపుతాడు?"

చెప్పాను.

"అతను ఆడుతున్నాడు కదా?"

"ఆడుతున్నాడు."

"మరి బస్సులో ఎవడుంటాడు?" అన్నాడు పఠాన్. ఆ గేటు లోపల డ్రైవర్ బస్సు వదిలి కదలకూడదట. పాస్ మీద పేరున్న డ్రైవరే సీట్లో ఉండాలట. ఎవరైనా పెద్దవాళ్లు వచ్చినప్పుడు సెక్యూరిటీ చెప్పిన నిమిషంలో బస్సు తీయాలట. ఇంకో డ్రైవర్‌ని పంపిద్దామంటే పాస్ చేయించే టైమ్ లేదట. ఇదంతా ఆయన నాతో అంటున్నట్టు కాదు, తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు. తర్వాత కోచ్‌కు ఫోన్ చేశాడు. ఏదో ఒక దారి చూస్తారులే అనుకుని బయటికి వచ్చాను. నిజంగానే అలా అనుకున్నాను. మెట్ల దగ్గర డ్రైవర్ ఎదురయ్యాడు, బస్సు డీజిల్ స్లిప్ ఇవ్వడానికి వస్తున్నాడు. నన్ను చూశాడు, నా వెనక ఆఫీసు తలుపును చూశాడు.

మర్నాడు స్టేడియం పార్కింగ్‌లో బస్సు ఆగాక కోచ్ ముందు సీట్లోంచి లేచి డ్రైవర్ పక్కన నిలబడి అరబ్బీలో చాలాసేపు మాట్లాడాడు. ఒక మాట కూడా నాకు అర్థం కాలేదు, కానీ అంతా తెలిసింది. డ్రైవర్ స్టీరింగ్ మీది నుంచి చేతులు తీయలేదు. కంపెనీ చొక్కా గుండీలు పైన విప్పి ఉన్నాయి, లోపల గోల్‌కీపర్ జెర్సీ కనిపిస్తోంది. ఉదయమే వేసుకుని వచ్చాడన్నమాట. కోచ్ వెనక్కి తిరిగి నన్ను వెతికి, "ఇంతా, యల్లా," అన్నాడు. నువ్వే, పద అని. నేను దిగుతున్నప్పుడు డ్రైవర్ చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు.

గడ్డి మీద కాలు పెట్టాను. చెప్పాలంటే బూట్లలోంచి ఏమీ తెలియలేదు. గోల్ దగ్గరికి వెళ్లి తలెత్తి చూస్తే నేను కట్టిన గ్యాలరీ మీద వరుసగా కుర్చీలు బిగించేశారు. నేను పని చేసిన మూల ఏదో పోల్చుకోవడానికి చాలాసేపు పట్టింది. పోల్చుకున్నాక కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోవడానికి గ్లోవ్స్‌తో మొహం తుడుచుకున్నాను.

ఆట మొదలయ్యే ముందు నేపాలీ నా దగ్గరికి వచ్చి నవ్వుతూ హిందీలో అన్నాడు, "ఎత్తు బంతి వస్తే పట్టుకో భాయ్, మళ్లీ వాలీబాల్ ఆడకు."

"నీకెవరు చెప్పారు, డ్రైవరా?" అన్నాను.

వాడు వింతగా చూశాడు. "ఎవరో చెప్పడమేంటి? నువ్వు టీమ్‌లోకి వచ్చిన మొదటి రోజు నుంచే లేపుతున్నావు. అందరం చూస్తూనే ఉన్నాం. కోచ్‌కు కళ్లు లేవా?"

అప్పుడు రిఫరీ విజిల్ వేశాడు. మ్యాచ్ అంతా ఆ మాటే నా చెవుల్లో ఉంది. మొదటి రోజు నుంచే. నేను రోజూ అందరి ముందూ ఆడుతున్న ఆటను ఒకే ఒక్క మనిషి మోసుకెళ్లి చెప్పాడనుకున్నాను. ఎత్తు బంతులు చాలా వచ్చాయి, అన్నిటినీ గుండెకు హత్తుకున్నాను. చివరికి నేలబారుగా వచ్చిన బంతి ఒకటి నా కాళ్ల సందులోంచి పోయింది. ఒక్క గోల్ తేడాతో ఓడిపోయాం. డ్రైవర్ అయితే కూర్చునే పట్టేవాడు.

తిరుగు ప్రయాణంలో అందరూ వెనక చేరి ఓటమి తప్పు ఒకరి మీద ఒకరు తోసుకుంటున్నారు. నేను ముందు తలుపు నుంచి ఎక్కి డ్రైవర్ వెనక సీట్లో కూర్చున్నాను. మెస్ వేరు చేసుకున్నప్పటినుంచి ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. క్షమించమని అడగాలో, మామూలుగా పలకరించాలో తేలక, "అన్నా," అన్నాను.

ఆయన అద్దంలో చూశాడు. "నిన్న పఠాన్ ఆఫీసులోంచి వచ్చావు కదా."

"వచ్చిన."

"ఏమని చెప్పావు?"

"నీ గురించి ఏం చెప్పలేదన్నా, నా బిడ్డ మీద ఒట్టు. బస్సుల నాకు సీటు ఉన్నదా అని అడిగిన, గంతే. డ్రైవర్ ఎవరు అని గాయిననే అడిగిండు. గిట్లయితదని నాకు ఎర్క లేదు."

ఆయన రోడ్డు వంకే చూస్తూ నడిపాడు. నమ్మలేదని మెడ చూస్తేనే తెలుస్తోంది. ఇంకా ఏదో చెప్పాలని, పఠాన్ అన్న ప్రతి మాటా పూసగుచ్చినట్టు చెప్పాను. ఎంత చెప్తే అంత అబద్ధంలా వినిపించింది, నాకే. సిగ్నల్ దగ్గర బస్సు ఆగింది. ఆయన సీట్లోనే పూర్తిగా వెనక్కి తిరిగి నా మొహంలోకి చూశాడు. కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగాడు.

"బస్సు నడిపేది నేను కదా తమ్ముడూ. సీటు ఉందో లేదో నన్ను అడగొచ్చు కదా?"

నా దగ్గర జవాబు ఉంది. దాన్ని ఆయన మొహం మీద చెప్పలేకపోయాను. సిగ్నల్ మారింది, వెనక కార్లవాళ్లు హారన్లు కొట్టారు. ఆయన ముందుకు తిరిగి గేర్ వేశాడు.